వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌కి సొంత స్టైల్‌షీట్: ఎక్కడ పెట్టాలి, ఎలా లోడ్ చేయాలి

థీమ్‌లోని స్టైల్.సీఎస్ఎస్ ఫైల్‌కి నాలుగు లైన్లు చేర్చి డాష్‌బోర్డ్ రిఫ్రెష్ చేస్తే ఏమీ మారదు. కస్టమైజర్‌లో అదనపు సీఎస్ఎస్ పెట్టెలో రాసినా అంతే. ఆ రెండూ సందర్శకులు చూసే పేజీల కోసం ఉన్నవి, అడ్మిన్ పేజీలు వాటిని అసలు పిలవవు. అడ్మిన్‌కి వేరే హుక్ (వర్డ్‌ప్రెస్ పని మధ్యలో మన కోడ్‌ని తగిలించే చోటు) ఉంది. లాగిన్ పేజీ అడ్మిన్‌లో భాగంలా కనిపించినా దానిది ఇంకో హుక్. బ్లాక్ ఎడిటర్‌లో మనం రాసే చోటు చాలాసార్లు ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన వేరే పేజీ) లోపల ఉంటుంది కాబట్టి దాని లెక్క మళ్లీ వేరు. స్టైల్ పనిచేయడం లేదని తల పట్టుకునే ముందు సరైన హుక్‌కే తగిలించామా అన్నది చూసుకుంటే సగం పని అయిపోతుంది.

ముందుగా ఒక మాట. కింద ఫంక్షన్లు, ఫైళ్లు, క్లాసుల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో రాయాలి. అండర్‌స్కోర్, హైఫన్, చుక్క ఇక్కడ ఎక్కడ కనిపిస్తే అక్కడే వస్తాయి. __ఫైల్__ లాంటి స్థిరాంకాలు మాత్రం పెద్దబడి అక్షరాల్లో.

ఫైల్ ఎక్కడ ఉండాలి

డబ్ల్యుపీ-అడ్మిన్ ఫోల్డర్‌లోని సీఎస్ఎస్ ఫైళ్లను నేరుగా దిద్దకూడదు. వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి, మీ మార్పులు పోతాయి. థీమ్‌లోని ఫంక్షన్స్.పీహెచ్‌పీలో కోడ్ పెట్టడం పనిచేస్తుంది గానీ థీమ్ మార్చిన రోజున అడ్మిన్ రూపం కూడా మారిపోతుంది. ఆ రెండిటికీ సంబంధం ఉండాల్సిన అవసరమే లేదు. తప్పక థీమ్‌లోనే పెట్టాలంటే చైల్డ్ థీమ్‌లో (పేరెంట్ అనే అసలు థీమ్ మీద ఆధారపడే మీ సొంత థీమ్‌లో) పెట్టండి. ఫైల్ చిరునామాకి గెట్_స్టైల్‌షీట్_డైరెక్టరీ_యూఆర్ఐ వాడండి. గెట్_టెంప్లేట్_డైరెక్టరీ_యూఆర్ఐ వాడితే అది పేరెంట్ థీమ్ ఫోల్డర్‌లో వెతుకుతుంది, ఫైల్ దొరకదు.

మేలైన చోటు చిన్న ప్లగిన్. డబ్ల్యుపీ-కంటెంట్ లోపల ప్లగిన్స్ ఫోల్డర్‌లో ‘సైట్-అడ్మిన్’ అని ఒక ఫోల్డర్ చేసి, అందులో అదే పేరుతో ఒక పీహెచ్‌పీ ఫైల్, పక్కనే సీఎస్ఎస్ అనే ఉపఫోల్డర్, దాంట్లో అడ్మిన్.సీఎస్ఎస్ పెట్టండి. పీహెచ్‌పీ ఫైల్ పైన కామెంట్‌లో ‘ప్లగిన్ నేమ్’ అన్న లైన్ ఒక్కటి ఉంటే చాలు, ప్లగిన్ల జాబితాలో కనిపిస్తుంది. మిగతా వివరాలు ఐచ్ఛికం.

సైట్ వాడేవాళ్లెవరూ దీన్ని పొరపాటున ఆపేయకూడదు అనుకుంటే ఎంయూ-ప్లగిన్స్ (తప్పనిసరిగా నడిచే ప్లగిన్ల) ఫోల్డర్ ఉంది. లేకపోతే డబ్ల్యుపీ-కంటెంట్ లోపల మీరే సృష్టించుకోవాలి. అందులో పెట్టిన పీహెచ్‌పీ ఫైల్‌ని యాక్టివేట్ చేయక్కర్లేదు, అడ్మిన్ నుంచి ఆపడమూ కుదరదు. ఇక్కడ రెండు చిక్కులు. ఉపఫోల్డర్లలోని పీహెచ్‌పీ ఫైళ్లను వర్డ్‌ప్రెస్ చూడదు, కాబట్టి పీహెచ్‌పీ ఫైల్ నేరుగా ఆ ఫోల్డర్‌లోనే ఉండాలి, సీఎస్ఎస్ మాత్రం లోపలి ఫోల్డర్‌లో ఉన్నా పర్వాలేదు. రెండోది ఇంకా ముఖ్యం. 5.2 వెర్షన్ నుంచి ప్లగిన్‌లో ప్రాణాంతక దోషం వస్తే దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టే రికవరీ మోడ్ ఉంది. అది మామూలు ప్లగిన్లకీ థీమ్‌లకీ మాత్రమే, ఎంయూ-ప్లగిన్స్‌కి వర్తించదు. సెమీకోలన్ ఒకటి మరిచిపోతే సైట్ మొత్తం పడిపోతుంది, ఎఫ్‌టీపీ లేదా హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌తో వెళ్లి సరిచేయాల్సిందే. అందుకని ముందు మామూలు ప్లగిన్‌గా నడిపి, కుదురుకున్నాక అక్కడికి మార్చండి.

లోడ్ చేసే కోడ్

పీహెచ్‌పీ ఫైల్‌లో ముందుగా ఏబీఎస్‌పాత్ అనే స్థిరాంకం నిర్వచించి ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆపేయండి. ఫైల్‌ని ఎవరైనా నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే ఏమీ నడవకుండా ఇది కాపాడుతుంది. తర్వాత ఒక ఫంక్షన్ రాసి, దాని పేరుని యాడ్_యాక్షన్ ద్వారా అడ్మిన్_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్ హుక్‌కి తగిలించండి. హుక్ పేరులో స్క్రిప్ట్స్ అని ఉన్నా స్టైల్స్‌కీ అదే. ఫంక్షన్ పేరు ముందు మీ సైట్‌కే ప్రత్యేకమైన ఉపసర్గ ఒకటి ఉండాలి. ‘లోడ్_స్టైల్స్’ లాంటి సాదా పేరు మరో ప్లగిన్‌లోనూ ఉంటే పీహెచ్‌పీ ఒప్పుకోదు, పేజీ అక్కడే ఆగిపోతుంది.

ఫంక్షన్ లోపల డబ్ల్యుపీ_ఎన్‌క్యూ_స్టైల్‌ని పిలవాలి. దానికి ఐదు విలువలు ఇవ్వొచ్చు, వరసగా చూద్దాం.

మొదటిది హ్యాండిల్, అంటే ఈ స్టైల్‌షీట్‌కి వర్డ్‌ప్రెస్ లోపల ఉండే పేరు. ‘అడ్మిన్’, ‘కస్టమ్’ లాంటివి వద్దు. అదే హ్యాండిల్‌తో ఇంకో ఫైల్ ముందే నమోదై ఉంటే మీ ఫైల్‌ని వర్డ్‌ప్రెస్ కిమ్మనకుండా వదిలేస్తుంది, ఆ పాత ఫైలే లోడవుతుంది.

రెండోది చిరునామా. ప్లగిన్స్_యూఆర్ఎల్ ఫంక్షన్‌కి ‘సీఎస్ఎస్/అడ్మిన్.సీఎస్ఎస్’ అనీ, రెండో విలువగా __ఫైల్__ అనీ ఇస్తే పూర్తి చిరునామా వస్తుంది. ఎంయూ-ప్లగిన్స్‌లో ఉన్నా ఇదే పనిచేస్తుంది. చిరునామాని చేత్తో టైప్ చేయకండి. సైట్ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి, స్టైల్‌షీట్ చిరునామా హెచ్‌టీటీపీతో మొదలైతే బ్రౌజర్ దాన్ని అడ్డుకుంటుంది. టెస్ట్ సైట్ నుంచి అసలు సైట్‌కి తరలించినప్పుడు పాత డొమైన్ అలాగే మిగిలిపోవడమూ మామూలే.

మూడోది ఆధారాల జాబితా. ఇందులో ‘కలర్స్’ అనే హ్యాండిల్ ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ రంగుల పథకం ఫైల్ పేరది. అది ‘డబ్ల్యుపీ-అడ్మిన్’, ‘బటన్స్’ అనే హ్యాండిళ్ల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, మీ ఫైల్ వాటన్నిటి తర్వాతే వస్తుంది. ఇక్కడ స్పెల్లింగ్ జాగ్రత్త. జాబితాలో నమోదు కాని హ్యాండిల్ ఒక్కటి ఉన్నా మీ స్టైల్‌షీట్ లోడే కాదు, పేజీలో దాని ఆనవాలు కూడా కనిపించదు.

నాలుగోది వెర్షన్. ఏమీ ఇవ్వకపోతే వర్డ్‌ప్రెస్ తన సొంత వెర్షన్ నంబర్ని చిరునామా చివర తగిలిస్తుంది. అంటే మీరు సీఎస్ఎస్‌ని పదిసార్లు మార్చినా చిరునామా మారదు, బ్రౌజర్ క్యాష్‌లోని పాత ఫైలే చూపిస్తూ ఉంటుంది. దీనికి మందు ఫైల్‌ఎంటైమ్. ఇది ఫైల్ చివరిసారి సేవ్ అయిన సమయాన్ని సంఖ్యగా ఇస్తుంది. దీనికి ఇవ్వాల్సింది యూఆర్ఎల్ కాదు, సర్వర్ డిస్క్ మీది దారి. ప్లగిన్_డిర్_పాత్‌కి __ఫైల్__ ఇచ్చి, వచ్చిన దారికి ఫైల్ పేరు కలపండి. యూఆర్ఎల్ ఇస్తే పీహెచ్‌పీ హెచ్చరిక వస్తుంది, వెర్షన్ ఖాళీగా పోతుంది, మళ్లీ వర్డ్‌ప్రెస్ నంబరే వచ్చి కూర్చుంటుంది.

ఐదోది మీడియా. డిఫాల్ట్ విలువ ‘ఆల్’, దాన్ని కదిలించనక్కర్లేదు.

ఫైల్ చివర పీహెచ్‌పీ ముగింపు ట్యాగ్ రాయకండి. దాని తర్వాత ఖాళీ లైన్లు మిగిలితే ‘హెడర్లు ముందే వెళ్లిపోయాయి’ అనే హెచ్చరికతో లాగిన్, రీడైరెక్ట్‌లు చెడతాయి. ఫైల్ మొదట్లో బీఓఎం (కంటికి కనిపించని గుర్తు) చేర్చే ఎడిటర్లతోనూ ఇదే తంటా. బీఓఎం లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి.

లోడైందా అన్నది ఇలా తేల్చుకోండి. అడ్మిన్‌లో ఏదో ఒక పేజీ తెరిచి, పేజీ సోర్స్‌లో మీ హ్యాండిల్ కోసం వెతకండి. ప్రతి స్టైల్‌షీట్ లింక్ ట్యాగ్‌కి వర్డ్‌ప్రెస్ ఒక ఐడీ ఇస్తుంది: హ్యాండిల్, దాని వెనక హైఫన్, సీఎస్ఎస్. ఆ లింక్ కనిపించకపోతే తప్పు పీహెచ్‌పీలో ఉంది. లింక్ కనిపించి స్టైల్ పడకపోతే దాని చిరునామాని కొత్త ట్యాబ్‌లో తెరవండి. సీఎస్ఎస్ కోడ్ కనిపించాలి. దాని బదులు ‘పేజీ దొరకలేదు’ అని వస్తే ఫైల్ దారి తప్పు. ఇలాంటప్పుడు బ్రౌజర్ కన్సోల్‌లో ఎంఐఎంఈ రకం (వచ్చిన ఫైల్ ఏ జాతిదో సర్వర్ చెప్పే మాట) గురించి ఫిర్యాదు కనిపించడం చాలామందిని తికమక పెడుతుంది. నిజానికి సర్వర్ సెట్టింగుల తప్పేమీ ఉండదు. దొరకని ఫైల్ స్థానంలో వర్డ్‌ప్రెస్ హెచ్‌టీఎంఎల్ పేజీ పంపింది, బ్రౌజర్ దాన్ని స్టైల్‌షీట్‌గా ఒప్పుకోలేదు, అంతే.

కావాల్సిన తెర మీదే లోడ్ చేయడం

అడ్మిన్_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్ హుక్ మీ ఫంక్షన్‌కి ఒక విలువ అందిస్తుంది. దాన్ని హుక్ సఫిక్స్ అంటారు. ప్రస్తుతం ఏ తెర మీద ఉన్నామో అది చెబుతుంది. డాష్‌బోర్డ్‌కి ఇండెక్స్.పీహెచ్‌పీ, పోస్టుల జాబితాకి ఎడిట్.పీహెచ్‌పీ, ఉన్న పోస్టుని దిద్దే తెరకి పోస్ట్.పీహెచ్‌పీ, కొత్త పోస్టుకి పోస్ట్-న్యూ.పీహెచ్‌పీ. చివరి రెండిట్లో ఒకటే రాసి రెండోది మరిచిపోవడం తరచూ జరిగేదే. అలా రాస్తే కొత్త పోస్టు రాసేటప్పుడు స్టైల్ ఉండదు, సేవ్ చేసి పేజీ మళ్లీ తెరిస్తే ఊడిపడుతుంది.

ఫంక్షన్ మొదట్లోనే ఆ విలువని చూసి, మనకి కావాల్సిన తెర కాకపోతే రిటర్న్ చేసేయాలి. ఒక పోస్ట్ టైప్‌కే (పోస్టు, పేజీ లాంటి ఒక రకానికే) పరిమితం చేయాలంటే గెట్_కరెంట్_స్క్రీన్ ఇచ్చే వస్తువులోని పోస్ట్_టైప్‌ని పోల్చండి. ఈ హుక్ నడిచే సమయానికి అది సిద్ధంగా ఉంటుంది.

మీరే తయారుచేసిన సెట్టింగ్స్ పేజీ అయితే సఫిక్స్ ఊహించి టైప్ చేయకండి. పై స్థాయి మెనూ పేజీకి ‘టాప్‌లెవల్_పేజ్_’ తర్వాత స్లగ్ (చిరునామాలో పేజీకి మీరిచ్చిన చిన్న పేరు) వస్తుంది, అది బాగానే ఉంది. కానీ ఉపమెనూ పేజీకి ముందు భాగం తల్లి మెనూ శీర్షిక నుంచి పుడుతుంది, స్లగ్ నుంచి కాదు. ఆ శీర్షికని వేరే భాషలోకి అనువదించినా, పేరు కాస్త మార్చినా సఫిక్స్ మారిపోతుంది. ఇంగ్లిష్ అడ్మిన్‌లో బ్రహ్మాండంగా నడిచిన స్టైల్ ఇంకో భాషకి మార్చగానే మాయమైతే కారణం ఇదే. యాడ్_మెనూ_పేజ్, యాడ్_సబ్‌మెనూ_పేజ్ ఫంక్షన్లు తిరిగిచ్చే విలువే అసలు సఫిక్స్. దాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని దానితోనే పోల్చండి.

వేరేవాళ్ల ప్లగిన్ పేజీ సఫిక్స్ తెలుసుకోవాలంటే బ్రౌజర్ కన్సోల్‌లో అడ్మిన్‌పేజ్ అని ఒక్క పదంగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వర్డ్‌ప్రెస్ ప్రతి అడ్మిన్ పేజీలో ఆ జావాస్క్రిప్ట్ వేరియబుల్ ఉంచుతుంది. అందులో చుక్కలు హైఫన్లుగా మారి ఉంటాయని గుర్తుంచుకోండి.

బాడీ క్లాసులు

వేరే ఫైళ్లుగా విడగొట్టేంత పెద్దది కాకపోతే, ఒకే ఫైల్‌ని అన్ని తెరల మీదా లోడ్ చేసి, బాడీ ట్యాగ్ క్లాసులతో హద్దు గీయొచ్చు. పోస్ట్-పీహెచ్‌పీ, పోస్ట్-టైప్-పేజ్, అడ్మిన్-కలర్-ఫ్రెష్, భాషని చెప్పే లొకేల్ క్లాస్, మెనూ ముడిచి ఉంటే ఫోల్డెడ్, కుడి నుంచి ఎడమకి రాసే భాషైతే ఆర్‌టీఎల్, ఇవన్నీ అక్కడ తయారుగా ఉంటాయి.

వాడుకరి పాత్రని బట్టి రూపం మార్చాలంటే అలాంటి క్లాస్ లేదు, మీరే చేర్చుకోవాలి. దానికి అడ్మిన్_బాడీ_క్లాస్ ఫిల్టర్ (ఒక విలువని మార్చి తిరిగిచ్చే హుక్) ఉంది. సైట్ ముందు వైపు బాడీ_క్లాస్ ఫిల్టర్ అలవాటున్నవాళ్లు ఇక్కడ కచ్చితంగా తట్టుకుంటారు. ముందు వైపుది అర్రే (విలువల జాబితా), అడ్మిన్‌ది మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరస). అర్రే అనుకుని చదరపు బ్రాకెట్లతో క్లాస్ చేరిస్తే పీహెచ్‌పీ దోషంతో అడ్మిన్ ఆగిపోతుంది. స్ట్రింగ్‌కి మీ క్లాస్ తగిలించేటప్పుడు ముందు ఒక ఖాళీ వదలండి. లేకపోతే అది పక్క క్లాస్‌కి అతుక్కుని రెండూ పనికిరాకుండా పోతాయి.

రూల్ రాశాం, కానీ నెగ్గడం లేదు

ప్రధాన బటన్నే తీసుకుందాం. బటన్-ప్రైమరీ అన్న క్లాస్ ఒక్కదానికి నేపథ్యం రంగు ఇచ్చి సేవ్ చేస్తే ఏమీ మారదు. వర్డ్‌ప్రెస్ రాసుకున్న రూల్‌లో రెండు క్లాసులున్నాయి: డబ్ల్యుపీ-కోర్-యూఐ, దాని లోపల బటన్-ప్రైమరీ. రెండు క్లాసుల ముందు ఒక క్లాస్ ఓడిపోతుంది, మీ ఫైల్ తర్వాత వచ్చినా సరే. మీరూ అవే రెండు క్లాసులు రాస్తే బలాలు సమానం అవుతాయి, అప్పుడు తర్వాత వచ్చినది గెలుస్తుంది. ఆధారాల జాబితాలో ‘కలర్స్’ ఇచ్చింది ఇందుకే.

ఇప్పుడు రంగు మారింది. మౌస్ దాని మీద పెట్టండి, పాత రంగు తిరిగొస్తుంది. హోవర్, ఫోకస్, యాక్టివ్, డిసేబుల్డ్ స్థితులకు వర్డ్‌ప్రెస్‌కి వేర్వేరు రూల్స్ ఉన్నాయి, అన్నిటికీ రాయాలి. ఫోకస్ గీతని మాత్రం తీసేయకండి, కీబోర్డ్‌తో పనిచేసేవాళ్లకి అదొక్కటే ఆనవాలు. బటన్ మీది అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. బ్రాండ్ రంగు లేత పసుపో, లేత ఆకుపచ్చో అయితే తెల్ల అక్షరాలు అక్కడ నిలవవు.

ఎడమ మెనూ ఇంకా మొండిది. దాని రూల్స్ #అడ్మిన్‌మెనూ అనే ఐడీతో మొదలవుతాయి. క్లాసులు ఎన్ని పేర్చినా ఒక ఐడీని దాటలేవు. మీ సెలెక్టర్ (రూల్ దేనికి వర్తిస్తుందో చెప్పే భాగం) కూడా అదే ఐడీతో మొదలవ్వాలి. బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్‌లో నెగ్గిన రూల్ చూసి, దాని సెలెక్టర్‌ని కాపీ చేసుకుని, ముందు మీ సొంత బాడీ క్లాస్ ఒకటి చేర్చడం తేలికైన దారి. !ఇంపార్టెంట్ ముద్ర వేసుకుంటూ పోవడం కంటే ఇదే నయం. ఇన్‌లైన్ స్టైల్‌ని దాటాల్సిన చోట తప్ప ఆ ముద్ర అక్కర్లేదు. ఒకచోట వేస్తే, దాన్ని దాటడానికి ఇంకోచోటా వేయాల్సి వస్తుంది.

కొత్త సీఎస్ఎస్ అలవాటున్నవాళ్లకి ఒక హెచ్చరిక. మీ రూల్స్‌ని క్యాస్కేడ్ లేయర్‌లో (@లేయర్‌తో రూల్స్‌ని కట్టే మూటలో) చుట్టకండి. లేయర్ లేని రూల్స్ ఎప్పుడూ లేయర్‌లో ఉన్నవాటిని ఓడిస్తాయి. వర్డ్‌ప్రెస్ రూల్స్ లేయర్లో లేకపోతే, మీ సెలెక్టర్ ఎంత బలమైనదైనా దండగే.

ఇంకో ప్లగిన్ స్టైల్ మీ దాని తర్వాత వస్తుంటే యాడ్_యాక్షన్‌లో ప్రయారిటీ పెంచండి. డిఫాల్ట్ 10, దాన్ని 100 చేస్తే సాధారణంగా సరిపోతుంది.

మెనూ వెడల్పు మార్చాలంటే

పొడుగు మెనూ పేర్లు రెండు లైన్లుగా విరుగుతున్నాయని మెనూని వెడల్పు చేయాలనుకోవడం సహజం. చూడటానికి ఒక్క లైన్ పని. కానీ ఆ 160 పిక్సెల్స్ చాలాచోట్ల రాసి ఉన్నాయి. #అడ్మిన్‌మెనూ, #అడ్మిన్‌మెనూబ్యాక్, #అడ్మిన్‌మెనూర్యాప్ (ర్యాప్ స్పెల్లింగ్ డబ్ల్యు అక్షరంతో మొదలవుతుంది) వెడల్పులు ఒకటి. #డబ్ల్యుపీకంటెంట్, #డబ్ల్యుపీఫుటర్ ఎడమ మార్జిన్ రెండోది. పక్కకి తెరుచుకునే ఉపమెనూ ఎడమ దూరం మూడోది. ఒకటి మార్చి ఒకటి వదిలితే ఉపమెనూ మెనూ మీదే పడి కూర్చుంటుంది, లేదా పేజీ మెనూ కిందికి దూరుతుంది. బ్లాక్ ఎడిటర్‌లో ఫుల్‌స్క్రీన్ మోడ్ ఆపినప్పుడు ఎడిటర్ చట్రానికి కూడా ఎడమ దూరం అదే 160, దాన్నీ సరిచేయాలి.

పైగా వాడుకరి మెనూని ముడిస్తే వెడల్పు 36 పిక్సెల్స్ అవుతుంది. తెర 960 పిక్సెల్స్ లేదా అంతకంటే తక్కువైతే అదంతట అదే ముడుచుకుంటుంది. 782, అంతకంటే తక్కువలో ఫోన్ రూపంలోకి వెళ్లిపోతుంది. పైన ఉండే అడ్మిన్ బార్ ఎత్తు కూడా అక్కడ 32 నుంచి 46కి పెరుగుతుంది. కాబట్టి మీ వెడల్పు రూల్స్ అన్నిటినీ కనీస వెడల్పు 961 పిక్సెల్స్ అనే మీడియా క్వెరీలో ఉంచి, ఫోల్డెడ్ క్లాస్ లేని బాడీకే వర్తించేలా రాయండి. మార్జిన్‌ని ఎడమ అని కాక ఇన్‌లైన్-స్టార్ట్ అని రాస్తే కుడి నుంచి ఎడమకి రాసే భాషల్లోనూ నిలబడుతుంది.

బ్లాక్ ఎడిటర్

ఎడిటర్ చుట్టూ ఉండే టూల్‌బార్, పక్క ప్యానెల్ అడ్మిన్ పేజీలో భాగమే. వాటికి ఎన్‌క్యూ_బ్లాక్_ఎడిటర్_అసెట్స్ హుక్ వాడండి. రాసే చోటు ఐఫ్రేమ్‌లో ఉన్నప్పుడు మాత్రం బయటి స్టైల్స్ అక్కడికి చేరవు. 6.3 వెర్షన్ నుంచి ఎన్‌క్యూ_బ్లాక్_అసెట్స్ ద్వారా చేర్చిన ఫైళ్లు ఐఫ్రేమ్ లోపలికీ వెళ్తున్నాయి. అయితే ఆ హుక్ సైట్ ముందు వైపు కూడా నడుస్తుంది, అడ్మిన్‌కే కావాలంటే లోపల ఈజ్_అడ్మిన్ తనిఖీ పెట్టండి. ఐఫ్రేమ్ లోపలి బాడీకి డబ్ల్యుపీ-అడ్మిన్ క్లాస్ ఉండదు. ఆ క్లాస్‌తో మొదలయ్యే రూల్స్ అక్కడ ఎప్పటికీ తగలవు. ఫైల్ లోడైంది, ఇన్‌స్పెక్టర్‌లో కనిపిస్తోంది, అయినా ఏమీ జరగడం లేదంటే ముందు ఇది చూడండి.

ప్యానెళ్లలో సీఎస్ఎస్ అనే పదం తర్వాత అర్థంలేని అక్షరాలు, అంకెలతో ఉండే క్లాసులు కనిపిస్తాయి. అవి కోడ్ తయారీలో పుట్టే పేర్లు, వెర్షన్‌తో పాటు మారిపోతాయి. వాటిని నమ్ముకుని ఒక్క రూల్ కూడా రాయకండి.

లాగిన్ పేజీ, ముందు వైపు బార్

లాగిన్ పేజీకి లాగిన్_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్. ఫైల్‌ని చేర్చే పద్ధతి అదే. కాకపోతే ఆధారంగా ‘కలర్స్’ బదులు ‘లాగిన్’ ఇవ్వండి. లోగో అనేది లాగిన్ క్లాస్ లోపలి హెచ్1లో ఉన్న లింక్‌కి నేపథ్య చిత్రం. డిఫాల్ట్ కొలత 84 పిక్సెల్స్ చదరం. మీ లోగో అడ్డంగా పొడుగ్గా ఉంటే వెడల్పు, ఎత్తు, నేపథ్య కొలత మూడూ మార్చాలి. మొత్తం ఫారం వెడల్పు 320 పిక్సెల్స్, లోగో దాన్ని మించకుండా చూడండి. చిత్రం దారిని సీఎస్ఎస్ ఫైల్ ఉన్న చోటు నుంచి లెక్కించాలి. ఆ లింక్ ఎక్కడికి వెళ్లాలో సీఎస్ఎస్‌తో మారదు, లాగిన్_హెడర్‌యూఆర్ఎల్ ఫిల్టర్ వాడాలి.

లాగిన్ అయినవాళ్లకి సైట్ ముందు వైపు కూడా పైన అడ్మిన్ బార్ కనిపిస్తుంది. అడ్మిన్‌లో రంగు మార్చి అక్కడ వదిలేస్తే రెండు చోట్లా రెండు రంగులు. డబ్ల్యుపీ_ఎన్‌క్యూ_స్క్రిప్ట్స్ హుక్‌లో, ఈజ్_అడ్మిన్_బార్_షోయింగ్ నిజమైతేనే, బార్‌కి సంబంధించిన చిన్న ఫైల్ వేరుగా లోడ్ చేయండి. మొత్తం అడ్మిన్ ఫైల్‌ని అక్కడ లోడ్ చేస్తే బటన్ రూల్స్ థీమ్ మీద పడి గందరగోళం చేస్తాయి.

రంగులు మాత్రమే మార్చాలనుకుంటే ఇంత తతంగం అక్కర్లేదు. డబ్ల్యుపీ_అడ్మిన్_సీఎస్ఎస్_కలర్‌తో కొత్త రంగుల పథకం నమోదు చేస్తే అది ప్రతి వాడుకరి ప్రొఫైల్ పేజీలో ఒక ఎంపికగా కనిపిస్తుంది. ఇష్టమైనవాళ్లు ఎంచుకుంటారు, కళ్లకి ఇబ్బంది అనుకున్నవాళ్లు పాతదే ఉంచుకుంటారు.

దాచడం వేరు, ఆపడం వేరు

క్లయింట్‌కి అక్కర్లేని మెనూలని డిస్‌ప్లే నన్‌తో దాచేయడం చాలా సైట్లలో కనిపిస్తుంది. చూపుకి అవి పోతాయి, చిరునామా తెలిసినవాళ్లకి పేజీ తెరుచుకుంటూనే ఉంటుంది. రిమూవ్_మెనూ_పేజ్ మెనూ లింక్‌ని శుభ్రంగా తీసేస్తుంది గానీ పేజీని అదీ ఆపదు. ఆపాలంటే ఆ పాత్రకున్న అధికారాల్ని తగ్గించాలి. ఇక నోటీసు క్లాస్‌ని గుండుగుత్తగా దాచడం మహా ప్రమాదం. ప్రకటనలతో పాటు అప్‌డేట్ హెచ్చరికలు, సేవ్ విఫలమైందన్న సందేశాలు కూడా పోతాయి. ఏ ప్లగిన్ నోటీసు విసిగిస్తోందో దాని సొంత క్లాస్ పట్టుకుని అదొక్కటే దాచండి.

వేరే సిస్టమ్‌లలో

జూమ్లా, డ్రూపల్, వాగ్‌టెయిల్ కూడా వర్డ్‌ప్రెస్ లాగే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లు. జూమ్లా 4 నుంచి అడ్మిన్ టెంప్లేట్ పేరు ఏటమ్. మీడియా ఫోల్డర్‌లో టెంప్లేట్స్, అడ్మినిస్ట్రేటర్, ఏటమ్, సీఎస్ఎస్ అనే దారిలో యూజర్.సీఎస్ఎస్ అన్న ఫైల్ పెడితే చాలు, అది దానంతటదే లోడవుతుంది, అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. (4.0లో ఆ దారి వేరుగా ఉండేది.) ఇక్కడ చెప్పినవాటిలో కోడ్ అసలు అక్కర్లేని పద్ధతి ఇదొక్కటే.

డ్రూపల్‌లో చిన్న మాడ్యూల్ కావాలి. మాడ్యూల్ పేరుతో మొదలయ్యే లైబ్రరీస్.వైఎంఎల్ ఫైల్‌లో సీఎస్ఎస్‌ని థీమ్ వర్గం కింద నమోదు చేసి, హుక్_పేజ్_అటాచ్‌మెంట్స్‌లో ప్రస్తుత దారి అడ్మిన్ రూట్ అయితేనే ఆ లైబ్రరీని జతచేయాలి. వైఎంఎల్‌లో ఇండెంట్‌కి ట్యాబ్ పడితే ఫైల్ చదవదు, ఖాళీలే వాడాలి. మార్చిన ప్రతిసారీ క్యాష్ రీబిల్డ్ చేయకపోతే కొత్త లైబ్రరీ కనిపించదు. పనిచేస్తున్నంతసేపు పర్‌ఫార్మెన్స్ పేజీలో సీఎస్ఎస్ అగ్రిగేషన్ (ఫైళ్లని కలిపేయడం) ఆపి ఉంచండి, లేకపోతే ఏ రూల్ ఏ ఫైల్‌దో ఇన్‌స్పెక్టర్‌లో తెలియదు.

వాగ్‌టెయిల్‌లో వాగ్‌టెయిల్_హుక్స్.పీవై ఫైల్‌లో ఇన్‌సర్ట్_గ్లోబల్_అడ్మిన్_సీఎస్ఎస్ హుక్‌కి ఒక ఫంక్షన్ నమోదు చేసి, దాన్నుంచి లింక్ ట్యాగ్ తిరిగివ్వాలి. ట్యాగ్‌ని ఫార్మాట్_హెచ్‌టీఎంఎల్‌తో కట్టండి. ఫైల్ చిరునామా స్టాటిక్ ఫంక్షన్ నుంచి రావాలి. ప్రొడక్షన్ సర్వర్‌లో కలెక్ట్‌స్టాటిక్ (స్టాటిక్ ఫైళ్లని ఒకచోట చేర్చే ఆదేశం) నడపడం మరిచిపోతే లోకల్‌లో కనిపించిన స్టైల్ అక్కడ కనిపించదు.